పాత కంప్యూటర్ పాటల్లో ఆ ఒక్క వరుస

మూడో తరగతి దాటనిదాన్ని. కథ అల్లే తెలివి నాకు లేదు. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను... నమ్మితే నమ్మండి.

బనగానపల్లెలో మా ఆయన పెళ్లి పత్రికలు కొట్టే అంగడి నడిపారు. ఆయన పోయాక కోడలు శారద కొత్త కంప్యూటర్ కొన్నది. పాతదాంట్లోవన్నీ అందులోకి ఎక్కించానంది. ఇంకెందుకు, ఊరికే చోటు దండగ అని, పాతదాన్ని ఆ సాయంత్రమే పాత ఇనుము అంగడికి పంపేశాను.

రాత్రి పదకొండయింది. మా అమ్మ విసుర్రాయి పాటలు తీయమన్నాను శారదను. నేను పాడుతుంటే ఆయన పాత కంప్యూటర్‌లో కొట్టిపెట్టినవి. నాకిప్పుడు సగం గుర్తులేవు... ఇంకెక్కడా లేవు.

తెర మీద పిచ్చి గీతలు. ఇంగ్లీషు ముక్కలు, చుక్కలు, కొక్కేలు.

"ఏం చేస్తివే?"

"పాత మిషన్‌లో ఇంగ్లీషు అక్షరాలకే తెలుగు బొమ్మలు తొడుగుతారత్తా. ఆ ఫాంటు దాంట్లోనే ఉండిపాయ. నువ్వేమో దాన్ని తోలేస్తివి."

"అన్నీ ఎక్కించినా అంటివి కదా."

"పాటలు ఎక్కిస్తి. ఫాంటు మర్చిపోతి."

శారద కిందికి జరుపుతూ పోయింది. చేతికింద మౌసు టిక్... టిక్... అంటోంది. లోపల ఫ్యాను గుర్రుమంటోంది. అన్నీ గీతలే.

టిక్కు ఆగింది.

గీతల నడుమ... ఒక్క వరుస. తెలుగు. కూడబలుక్కుని చదివాను.

ఎండ... సల్లారినాక... పోదువులే... ఆగే బిడ్డా.

"ఇది ఫాంటు లేకున్నా కనపడే కొత్త పద్ధతిలో కొట్టినారత్తా," శారద గొంతు తగ్గించింది. "మామకు రాదు. ఆ మిషన్‌లో ఇది లేనే లేదు. నువ్వేమన్నా ఎవురితోనన్నా కొట్టిస్తివా?"

"నేనెవరికీ చెప్పలేదు."

అది పాట కాదు. నా తొలిచూలు బిడ్డ ఒళ్లో ప్రాణం వదులుతుంటే నేనన్న మాట. గదిలో ఇంకెవరూ లేరు. ఆయన ఆ రోజు పనిమీద కోడుమూరులో ఉన్నారు. ఆ తర్వాత ఆ మాట నా నోట రాలేదు.

తెల్లవార్లూ కూర్చున్నాం. పొద్దున్నే ఇనుము అంగడికి పరుగెత్తాం. పాతదాన్ని ఇంకా పగలగొట్టలేదు. అక్కడే కరెంటు పెట్టించి తెరిచాం. పాటలన్నీ చక్కగా వచ్చాయి. ఆ వరుస చోట మాత్రం ప్రశ్న గుర్తులు... వరసగా.

శారద ఫాంటు తెచ్చుకుంది. అమ్మ పాటలు దక్కాయి.

"ఆ వరుస తీసేద్దునా అత్తా?"

"ఉండనీ."

ఎవరు కొట్టారో నాకిప్పటికీ తెలియదు. ఒక్కోరోజు తెర ముందు కూర్చుని అడగాలనిపిస్తుంది. నోరు తెరుస్తాను... ఏమని పిలవను? ఆ బిడ్డకు అప్పటికింకా పేరు పెట్టలేదు.