విరిగిన పగడపు కొమ్మలు

ఎవరైనా దయ్యాల కబుర్లు మొదలుపెడితే "రుజువేదీ?" అని అడిగి నోరు మూయించే రకం నేను. అందుకే ఇది ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

హైదరాబాదులో సందుకో సాఫ్ట్‌వేర్ కంపెనీ లేస్తున్న రోజులవి. స్నేహితులంతా అమీర్‌పేటలో జావా నేర్చుకుంటుంటే, నేను సముద్ర జీవశాస్త్రమే చదువుతానని పట్టుబట్టి, పగడపు దిబ్బల మీద ఫీల్డ్ క్యాంపుకి లక్షద్వీప్ వెళ్ళాను. నీళ్ళలో దిగి టేపు పరిచి, దాని కింద ఏ పగడం బతికుందో, ఏది చచ్చిందో ప్లాస్టిక్ పలక మీద పెన్సిలుతో రాసుకోవాలి. క్యాంపు నడిపే మా సార్ నియమం ఒక్కటే. దేన్నీ తాకకూడదు, పొరపాటున తాకితే పలక మీద రాయాలి.

చివరి రోజు గొడుగంత కొమ్మల పగడాన్ని ఫోటో తీసి వెనక్కి తిరగబోయాను. కాలికున్న ఈత రెక్క తగిలి ఎడమవైపు మూడు కొమ్మలు విరిగాయి. నాతో జోడీగా నీళ్ళలో దిగిన అమ్మాయి అటు తిరిగి ఉంది. పలక మీద "బాగుంది" అని రాసి పైకొచ్చేశాను. సార్ పరిశోధనా పత్రంలో నా పేరు కూడా వేస్తామన్నారు. అది పోతుందని భయం.

నాన్న ఫిల్మ్ నగర్‌లో ఒక ప్రొడక్షన్ ఆఫీసు మేనేజరు. నేను తిరిగొచ్చాక, పాట కోసం సముద్రగర్భం సెట్టు వేస్తున్నామని నేను తీసిన ఫోటోలు అడిగి తీసుకెళ్ళారు.

ఓ మధ్యాహ్నం ఆ సెట్టు చూద్దామని వెళ్ళాను. థర్మోకోల్ చెక్కే యాదయ్య రంగులు వేస్తున్నాడు. సముద్రం మొహమే చూడని మనిషి. నా పగడం సరిగ్గా మధ్యలో ఉంది. ఎడమవైపు మూడు కొమ్మలు లేవు. విరిగినచోట తెల్లరంగు. ముక్కలు మూడూ నేను వదిలొచ్చినట్టే కింద ఇసుకలో పడున్నాయి.

అతనేమీ అనకుండానే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాను.

"తెచ్చేటప్పుడు విరిగిందా?"

"లేదమ్మా, నేనే గట్ల చెక్కిన. ఫోటోల గట్లనే ఉండె గద."

ఫోటో తెప్పించాం. పగడం నిండుగా ఉంది. యాదయ్య దాన్ని అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిదేంది? పొద్దుగాల చూసినప్పుడు విరిగే ఉండె గదమ్మా!"

నాకంటే అతనే ఎక్కువ భయపడ్డాడు. ఇంటికెళ్ళి నెగెటివ్ కూడా వెలుతురులో పెట్టి చూశాను. ఎక్కడా విరగలేదు.

సాయంత్రం ఎస్టీడీ బూత్ నుంచి సార్‌కి ఫోన్ చేసి, సెట్టు సంగతి తప్ప, కొమ్మలు విరగ్గొట్టి దాచిందంతా చెప్పేశాను. ఏడ్చాను కూడా. ఆ దిబ్బ లెక్క తీసేస్తానన్నారు, నా పేరు కూడా. న్యాయమే. ఫోన్ పెట్టేసే ముందు మాత్రం, "నువ్వు విరగ్గొడుతుంటే ఎవరైనా చూశారామ్మా?" అని అడిగారు.

లేదనబోయి ఆగిపోయాను. ఏం చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు.