దిద్దిన కళ్ళు

స్టేషన్ ఘన్‌పూర్ బస్టాండులో ఒక మధ్యాహ్నం, బస్సు కోసం చూసి చూసి ఒళ్ళు సోలిపోయి, బెంచీ మీద తల వాల్చేసి కూర్చున్నాను. పక్కనున్న ముసలామె వేలితో నా గడ్డం పైకెత్తింది.

"జర తల ఎత్తు బిడ్డా. మొఖం మీద ఎలుగు పడుతలేదు."

బిత్తరపోయి చూశాను. ఆమె ఫొటోలు తీసేదట.

"మా దిక్కు గా పనిల ఆడిదాన్ని నేనొక్కదాన్నే. మొగోళ్ళు తీస్తే ఆడోళ్ళు తల ఎత్తకపోయేటోళ్ళు. నా ముంగటైతే ఎత్తేటోళ్ళు."

"ఇప్పుడు తీస్తలేవా అవ్వా?"

"చేతులు వణుకుతున్నయి." తనలో తను చెప్పుకుంటున్నట్టు అంది. "చానమందికి పానం పోయినంకనే మొదటి ఫొటో. పెద్దవంగర, గంగారం, అన్ని ఊర్లు తిరిగిన. గోడకు ఆనిచ్చి కూసోబెట్టి తీస్తుంటి. ఇంటోళ్ళేమో ఫొటోల కండ్లు తెరిచి ఉండాలందురు. వాళ్ళను బతికుండంగ నేను సూసిన్నా? అద్దంల నా కండ్లు సూసుకుంట ఫొటో మీద పెన్సిలుతోని దిద్దుతుంటి."

నాకు మూడు నెలలప్పుడే అమ్మ పోయింది. నేనెరిగిన అమ్మ, గోడ మీది ఆ ఒక్క ఫొటోయే. ఊహ తెలిసిన నాటి నుంచీ ఏ కష్టమొచ్చినా ఆ కళ్ళకే చెప్పుకున్నాను.

ముసలామె కళ్ళలోకి చూడబోయి, బస్సు వచ్చే దారికేసి చూశాను.

"మీదే ఊరు బిడ్డా?" అడిగింది.

మాది పెద్దవంగర.

"వరంగల్" అన్నాను.