రెక్కకు కట్టిన నీళ్ల డబ్బా

ఎనభైల మొదట్లో మా ఇంట్లో పోయినవి ముందు లెక్కపెడతాను. సైన్యంలో నా ఉద్యోగం. పారాచూట్‌తో దిగుతూ విరగ్గొట్టుకున్న ఎడమ చీలమండలో సత్తువ. మిల్లు మూతపడ్డాక అన్న జీతం. అమ్మ కాళ్ల కడియాలు. ఎనిమిది నెలల కిరాయి బాకీ పడి, బొంబాయి కామాటిపురాలో వరస గదుల చాల్‌లో మేముండే గది కూడా పోయేలా ఉంది. మిగిలింది ఒక్కటే: విమానంలోంచి మూడు వందల పైచిలుకు సార్లు దూకిన అనుభవం.

దాన్ని కొనే మనిషి దొరికాడు. వర్లిలో ఉండే తెలుగాయనే. ఊరూరా విమాన విన్యాసాల ప్రదర్శనలు పెట్టేవాడు. ఒంటికి గుడ్డ రెక్కలు తొడుక్కుని, పారాచూట్ తెరిచేముందు కాసేపు పక్షిలా గాలిలో సాగే మనిషి ఆయనకు కావాలి. పది దూకుళ్లకు డబ్బు ముందే ఇచ్చాడు. అది ఆ సాయంత్రమే గది యజమాని చేతికి పోయింది. అప్పటికి నేను రెక్కలు తొడిగి ఎరగను.

ఎంచుకోమని రెండు సూట్లు పంపాడు. పెద్దదానికి చేతి నుంచి పాదం దాకా కాన్వాసు, లోపల వెదురు బద్దలు. చిన్నదాని రెక్క నడుముతోనే ఆగిపోతుంది. జనానికి కింద నుంచి కనబడాలి కాబట్టి పెద్దదైతే మంచిదని కబురు కూడా పెట్టాడు.

నేను బడి మధ్యలో మానినవాణ్ని. లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. పడే వేగం ఒకచోట నిలిచాక మన బరువంతా గాలే మోస్తుంది. నేనూ పారాచూటూ కలిపి ఎనభై కిలోలు. గుడ్డ వైశాల్యాన్ని బట్టి పంచితే పెద్ద సూట్‌లో ఒక్కో చేతి మీద సుమారు ఇరవై, చిన్నదానిలో పది. అంత బరువుకు ఎదురుగా చేయి లాక్కుని నడుము దగ్గరి పిడిని అందుకోవాలి. అందకపోతే పారాచూట్ తెరుచుకోదు.

కట్టే భవనాలకు పరంజాలు వేసే మా నాన్న నా కాగితం వైపు చూడలేదు.

"అందుతదో అందదో కట్టి చూస్తే తెలుస్తది గద బిడ్డా."

పనిలో వాడే గిరక తెచ్చి వరండా దూలానికి తగిలించాడు. నాకు పారాచూట్ తొడిగించి బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, కుడి మణికట్టుకు తాడు కట్టి, గిరక మీదుగా రెండో కొసకు నీళ్ల డబ్బా వేలాడదీశాడు.

"నల్లా గంటసేపే వస్తది. ఆ నీళ్లు ఒలకబోస్తే బువ్వ దేనితోని వండాలె?" అమ్మ లోపలి నుంచి అరిచింది.

ఎదురింటి అత్త పగలబడి నవ్వింది. "ఏందొదినా, కొడుకును ఉతికి ఆరేస్తున్నరా?"

పెద్ద సూట్ లెక్కకు డబ్బా నిండా నీళ్లు, పైన ఒక రాయి. చేయి సగం దాకా వచ్చి వెనక్కి పోయింది. మళ్లీ లాగాను. మళ్లీ పోయింది. "ఇంకోసారి," అన్నాను. నా కళ్ల ముందు గది తాళమే ఉంది. ఈసారి భుజంలో ఏదో కలుక్కుమంది. నాన్న డబ్బాను రెండు చేతులా పట్టేసుకున్నాడు.

"గది పోతే ఫుట్‌పాత్ ఉన్నది. నువ్వు పోతే ఏమున్నది రా?"

రాయినీ సగం నీళ్లనూ తీసేశాక వేళ్లకు పిడి తగిలింది.

మర్నాడు వర్లి వెళ్లి చిన్నదే వేసుకుంటానన్నాను.

"గబ్బిలం పిల్లను చూడనీకి టికెట్ ఎవడు కొంటడు తమ్మీ? నా పైసలు వాపస్ తే."

"లేవు."

ఆయన నా అరిగిన చెప్పుల వైపు చూశాడు. "అయితే పెద్దదాంతోని ఒకటి దూకితే ఒకటి. చిన్నదాంతోని రెండు దూకితే ఒకటి లెక్క. ఇరవై దూకు."

బేరమాడే ముఖం లేదు. సరేనన్నాను.

తొమ్మిది దూకాను. ప్రతిసారీ పిడి అందింది. తొమ్మిదోసారి కూడా పారాచూట్ సరిగ్గానే విచ్చుకుంది. నేల తాకినప్పుడు పాత చీలమండే మళ్లీ విరిగింది. ఆయన ఆసుపత్రికి వచ్చి, కట్టు చూసి వెళ్లిపోయాడు. నేను కర్రతో నడవడం మొదలుపెట్టి వర్లి వెళ్లేసరికి ఆయన ఉండే ఇంట్లో వేరే వాళ్లు ఉన్నారు. ఆయన ఎటు పోయాడో వాళ్లకు తెలియదు.

మా గది మాకే ఉంది. చిన్న సూట్ దాని అటక మీద ఉంది. ఇరవైలో తొమ్మిది పోగా, ఈ రోజుకీ పదకొండు దూకుళ్లు బాకీ.