జలాలుద్దీన్ కాళ్ల పట్టు

బందరు రైల్వేస్టేషన్ దగ్గర జట్కా తోలే జలాలుద్దీన్‌కి కుస్తీలో ఒక్క పట్టుతోనే పేరొచ్చింది. అవతలివాడి వెనక చేరి, డొక్కల చుట్టూ కాళ్లు వేసి, మడమలు మెలిపెట్టి తొడలతో బిగించేవాడు. చిన్నప్పుడు వాళ్ల నాన్న జీను వెయ్యకుండా గుర్రాల మీద తిప్పేవాడు. తొడల్లో ఆ బలం అలా వచ్చిందే.

పేరైతే వచ్చింది గానీ ఆ పట్టుతో అతను గెలిచిన కుస్తీలు తక్కువ. ఇనగుదురుపేట తాలింఖానాలో అతనికి కుస్తీ నేర్పిన మస్తాన్ వస్తాదుకి ఆ పట్టంటే చిన్నచూపు.

"మెడ దొరికితే మనిషి ఓటమి ఒప్పుకుంటాడు. చెయ్యి మెలిపెడితే ఒప్పుకుంటాడు. నువ్వు డొక్కలు నొక్కితే వాడు పళ్లు బిగించుకుని కూచుంటాడు. ఈలోపు నీ తొడలు వణకడం మొదలెడతాయి. అది పట్టు కాదురా, కావిలింత" అనేవాడు.

జలాలుద్దీన్ ఎదురు చెప్పేవాడు కాదు. వస్తాదు అన్నది చాలావరకు నిజమేనని అతనికీ తెలుసు. ఊరికే బలం పెట్టి నొక్కితే ఎవడూ లొంగడు. అవతలివాడు ఊపిరి వదిలినప్పుడు కాస్త బిగించాలి. పీల్చుకోబోతే ఆ సందు తిరిగి ఇవ్వకూడదు. మళ్లీ వదిలేదాకా ఆగాలి, మళ్లీ కాస్త బిగించాలి. అంత ఓపిక గోదాలో ఎవరికుంటుంది? జలాలుద్దీన్‌కి ఉంది. అతనికి ఆ ఓపికంటేనే ఇష్టం.

ఉప్పెన దివిసీమని తుడిచిపెట్టిన మరుసటి ఎండాకాలం గుడివాడలో కుస్తీ పోటీలు పెట్టారు. అన్నాళ్లూ పండగ మాటే ఎత్తని జనం ఆ రోజు ఊళ్లకి ఊళ్లు కదిలొచ్చారు. వీపు నేలకి ఆనిస్తే గెలుపు, లేదా అవతలివాడు ఓర్చుకోలేక చేత్తో నేల మీద కొట్టి ఒప్పుకున్నా గెలుపే. జలాలుద్దీన్‌కి జోడీగా పడ్డవాడు పిచ్చేశ్వరరావు. కృష్ణ ఒడ్డున శ్రీకాకుళంలో రైతుబిడ్డ, పాతికేళ్లవాడు, పొడగరి. ఆ చుట్టుపక్కల అతన్ని పడగొట్టినవాడు లేడు.

మొదలెట్టిన కాసేపటికే జలాలుద్దీన్ అతని వెనక్కి చేరాడు. ఇద్దరూ మట్టిలో పడ్డారు. కాళ్లు డొక్కల చుట్టూ పడ్డాయి, మడమలు మెలి తిరిగాయి. బందరు నుంచి వచ్చినవాళ్లు ఈలలు వేశారు.

జలాలుద్దీన్ ఎప్పటిలాగే అతని ఊపిరి కోసం చూశాడు. కుడి తొడకి అందింది. డొక్క పొంగి తొడని నెడుతోంది, మళ్లీ తగ్గుతోంది. ఎడమ తొడకి మాత్రం ఏమీ తెలియలేదు. అటు పక్క కదలడం లేదు. కాళ్లు సరిగ్గా పడలేదేమోనని సర్దుకుని చూశాడు. అయినా అంతే. మనిషి సగం ఛాతీతోనే ఊపిరి తీస్తున్నాడు, ఆ సగంతోనే పెనుగులాడుతున్నాడు. ఒంటికి చెమట పట్టింది గానీ, ఆ కింద కాక కుస్తీ వల్ల వచ్చింది కాదు, జ్వరపు కాక.

చెయ్యి నేల మీద కొడతాడేమోనని చూశాడు. కొట్టలేదు. ఇంకా బిగిస్తే కొడతాడా? కొట్టడని జలాలుద్దీన్‌కి అర్థమైంది. స్పృహ తప్పేదాకా ఓర్చుకునే రకం. తనే కాళ్ల మెలి విప్పేశాడు.

రెప్పపాటులో పిచ్చేశ్వరరావు తిరిగి, అతని భుజాలు రెండూ మట్టికి అదిమేశాడు. ఈల మోగింది. మస్తాన్ వస్తాదు తువ్వాలు భుజాన వేసుకుని, శిష్యుడి వైపు చూడకుండా బస్టాండుకి నడిచాడు.

గోదా వెనక చేతిపంపు దగ్గర పిచ్చేశ్వరరావు మొహం కడుక్కుంటుంటే జలాలుద్దీన్ వెళ్లి నిలబడ్డాడు.

"ఎడమ పక్క నొప్పిగా ఉంటోందా అండీ?"

"ఎందుకు?"

"ఆ పక్క ఊపిరి ఆడటం లేదు. డాక్టరుకి చూపించుకోండి."

పిచ్చేశ్వరరావు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "అందుకని జాలిపడి వదిలేశావా? ఊరంతా చెప్పుకో. నేను గెలవలేదు, నువ్విచ్చావని చెప్పుకో" అని వెళ్లిపోయాడు.

ఇంటికి వచ్చాక జలాలుద్దీన్ అన్నం సరిగా తినలేదు. ఓడిపోయినందుకనుకుంది భార్య జైనాబ్. ఆమెకి అయిదో నెల. తొడకి తగలని ఊపిరి సంగతి అతను చెబితే చెయ్యి కడుక్కుని వచ్చి ఎదురుగా కూచుంది.

"వాళ్లింటికెళ్లి చెప్పండి."

"ఓడిపోయి సాకులు చెబుతున్నాడనుకుంటారు."

"అనుకోనివ్వండి. అనుకుంటే మనకేం పోయింది?"

మర్నాడు జట్కా కట్టకుండా, చల్లపల్లి మీదుగా వెళ్లే బస్సెక్కి శ్రీకాకుళం చేరాడు. పిచ్చేశ్వరరావు పొలం వెళ్లాడు. ఇంట్లో అతని అక్క సుభాషిణి ఉంది. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆమే. వాకిట్లో నిలబడ్డ జలాలుద్దీన్‌ని కుర్చీలో కూచోమని మంచినీళ్లిచ్చి, అతను చెప్పిందంతా వింది.

"ఏ పక్కన్నారు?"

"ఎడమ పక్కండీ, అక్కగారూ."

"కొన్నాళ్లుగా ఎడమ పక్కకే తిరిగి పడుకుంటున్నాడు" అంది ఆమె నెమ్మదిగా. "కుడి పక్కకి తిరిగితే ఆయాసం వస్తుందంటాడు. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు కాలుతుంది. అడిగితే కండ పట్టిందంటాడు. కుస్తీ మానెయ్యమంటానని వాడి భయం."

ఆ వారంలోనే తమ్ముణ్ణి వెంటబెట్టుకుని బందరు ఆస్పత్రికి వచ్చింది. డాక్టరు వీపు మీద వేళ్లతో తట్టి చూసి, ఎక్స్‌రే ఫొటో తీయించాడు. ఎడమ ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది. క్షయ. సూదితో నీరు తీశారు. ఇంకొంతకాలం అలాగే కుస్తీలు పట్టి ఉంటే ప్రాణం మీదికొచ్చేదని డాక్టరు ఆమెతో విడిగా అన్నాడు. రోజూ ఇంజక్షను, ఆ తర్వాత ఏడాది పైన మాత్రలు.

కోనేరు సెంటరు దగ్గర ఒక గది తీసుకుని అక్కాతమ్ముళ్లు ఉన్నారు. పొద్దున్నే ఆస్పత్రికి తీసుకెళ్లి దింపేది జలాలుద్దీన్ జట్కాయే. మొదట్లో పిచ్చేశ్వరరావు వెనక సీట్లో బయటికి చూస్తూ కూచునేవాడు. ఓ రోజు ఎక్కడమే ముందుకొచ్చి, తోలేవాడి పక్కన కూచున్నాడు. గుర్రం బజారు దాటింది.

"నువ్వు వదలకపోయినా నేను ఒప్పుకునేవాణ్ణి కాదు, బావా" అన్నాడు.

"తెలుసు. అందుకే వదిలాను."

పిచ్చేశ్వరరావు చెయ్యి చాచి పగ్గాలు తీసుకున్నాడు. ఆస్పత్రి దాకా తనే తోలాడు. గుర్రానికి కొత్త చెయ్యి నచ్చక పక్కకి లాగుతుంటే ఇద్దరూ నవ్వారు.

జైనాబ్ కోడిగుడ్లూ, ఎముకల చారూ పంపేది. సుభాషిణి శాకాహారి. ఆ గిన్నెని గుమ్మం బయట తీసుకుని తమ్ముడికి తనే తాగించేది. గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు ఖాళీగా ఇవ్వకుండా, కడుపుతో ఉన్నమ్మాయికని సున్నుండలో, పనసతొనలో పెట్టి ఇచ్చేది.

ఈ సంగతంతా మస్తాన్ వస్తాదు చెవిన పడింది. ఓ సాయంత్రం తాలింఖానాకి జలాలుద్దీన్‌ని పిలిపించాడు. చొక్కా విప్పి మట్టిలో కూచున్నాడు.

"వెయ్యి నీ పట్టు. నీకేం తెలుస్తుందో చూస్తాను."

"మీకెందుకు వస్తాదుగారూ, ఈ వయసులో."

"వెయ్యమంటే వెయ్యి."

జలాలుద్దీన్ వెనక కూచుని, గాజుసామాను పట్టుకున్నట్టు మెల్లగా కాళ్లు చుట్టాడు. ముసలాయన పక్కటెముకలు తొడలకి ఒక్కొక్కటీ తగిలాయి.

"ఏమైనా తెలుస్తోందా?"

"ఊపిరి బిగబట్టారు. వదిలితేగా తెలిసేది."

వస్తాదు నవ్వడంతో ఊపిరి వదిలాడు. రెండు పక్కలా ఊపిరి ఆడుతోందని జలాలుద్దీన్ చెప్పాడు. ఆయన శిష్యుడి మోకాలి మీద చెయ్యి వేసి, "ఆ రోజు నీతో మాట్లాడకుండా వచ్చేశాను" అన్నాడు. జలాలుద్దీన్ పరవాలేదండీ అన్నాడు.

వానాకాలం పోతూ పోతూ ఉండగా జైనాబ్‌కి ఆడపిల్ల పుట్టింది. లతీఫా అని పేరు పెట్టారు. పిచ్చేశ్వరరావు కోలుకుని శ్రీకాకుళం వెళ్లిపోయాడు. కుస్తీ ఇక వద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ మాట దిగమింగుకోవడానికి అతనికి చాలాకాలం పట్టింది. చాన్నాళ్లు గోదా వైపు పోకుండా, పోటీల కబురు చెప్పబోయినవాళ్లని కసిరేవాడు. జలాలుద్దీన్ వెళ్లినప్పుడల్లా ఆ ఊసెత్తకుండా, పొలం గట్టున కూచుని వచ్చేసేవాడు. చివరికి పిచ్చేశ్వరరావే, ఊళ్లో కుర్రాళ్లు వంకర టింకరగా కుస్తీలు పడుతుంటే చూడలేక, ఏటి ఒడ్డున ఇసక చదును చేయించాడు. నోటితో తను చెప్పేవాడు, ఇసకలో దిగి చూపించేది జలాలుద్దీన్. కాళ్ల పట్టు చూపించమని కుర్రాళ్లు అడిగితే చూపించేవాడు. దాంతో గెలుస్తామా అని అడిగితే, ఎప్పుడో గానీ గెలవరని ఉన్నమాట చెప్పేవాడు.

అలా ఓ ఆదివారం జైనాబ్‌నీ పాపనీ కూడా తీసుకొచ్చాడు. సుభాషిణి వాళ్లకి అన్నం పెట్టి, జైనాబ్ తల దువ్వి పూలు పెట్టింది. సాయంత్రం బస్సు వేళకి అందరూ రోడ్డు దాకా వచ్చారు. పాప పిచ్చేశ్వరరావు భుజాన నిద్రపోతోంది. బస్సు వచ్చి ఆగింది, కండక్టరు తొందరపెడుతున్నాడు.

"ఇటివ్వండి" అంది జైనాబ్ చేతులు చాచి.

"ఇప్పుడే నిద్ర గాఢంగా పట్టింది, లేపకమ్మా" అన్నాడు పిచ్చేశ్వరరావు. పాపని అలాగే ఎత్తుకుని, చల్లపల్లి దాకా వచ్చి తిరిగి వస్తానని అక్కకి చెప్పి, వాళ్లతో పాటు బస్సెక్కాడు.