మార్కులొచ్చిన వంతెన

తాడేపల్లిగూడెంలో పొద్దున్నే ఏలూరు వైపు వెళ్లే ప్యాసింజరెక్కాను. కొల్లేటి లంకలో ఉండే మా అక్క ముందురోజు ఫోన్ చేసి ఏడ్చింది. "మీ బావ ఇక డయాలిసిస్‌కి వెళ్లనంటున్నారురా." కారణం ఆ ఊరి వంతెన. కింద స్తంభాలు కోసుకుపోయి, ఆటోలవాళ్లు దాని మీదికి రావడం మానేశారు.

ఉంగుటూరులో ఎక్కిన పెద్దాయన నా కథంతా విని, "ఆఫీసులో నెమ్మదిగా చెప్పండి బాబూ, వింటారండీ" అన్నారు. నమ్మాలనిపించింది.

ఏలూరు స్టేషన్ బయట ఇడ్లీ తిని, ఆఫీసు తెరిచే వేళకు చేరాను. వంతెనలు చూసే ఇంజనీరు, చిన్న వయసావిడ, కుర్చీ చూపించి కంప్యూటర్ నా వైపు తిప్పింది. డ్రోన్ తీసిన ఫొటోలు చూసి కృత్రిమ మేధ ప్రతి వంతెనకూ మార్కులు వేస్తుందట. తక్కువ వచ్చినవాటికే ముందు మరమ్మతు. ఫొటోలో మా అక్కవాళ్ల వంతెన పైన కొత్త సిమెంటు పూత మెరుస్తోంది. మార్కులు ఘనంగా వచ్చాయి.

"కింద ఎవరూ చూడలేదాండీ?"

"నేనే వెళ్లి చూశానండీ. పాడైపోయిందని రాశాను. నా రిపోర్టు ఫొటోతో సరిపోలడం లేదని పైనుంచి తిప్పి పంపేశారు." గొంతు తగ్గించింది. "మార్కులు మార్చే అధికారం ఇక్కడెవరికీ లేదండీ."

కోపం తెచ్చుకుందామన్నా ఎదురుగా ఉన్నది ఆవిడే.

మధ్యాహ్నం కైకలూరు బస్సెక్కి దారిలో దిగి, చేపల చెరువుల గట్టు మీద ఆటోలో వెళ్లాను. వంతెనకు ఇవతలే దింపేశాడు. నడుస్తుంటే కాళ్ల కింద వంతెన పలక అదిరింది.

బావగారి కాళ్లూ మొహమూ వాచిపోయాయి. ఇన్నాళ్లూ ఊళ్లోవాళ్లు ఆయన్ను కుర్చీలో మోసి వంతెన దాటించేవారు.

"మొన్న నన్ను మోస్తుంటే రాంబాబు కాలు జారిందయ్యా. కొద్దిలో కాలవలో పడేవాడు. నా కోసం ఇంకొకళ్లు పోవాలా?"

"గూడెం వచ్చేయండి బావగారూ, మా ఇంట్లో ఉందురుగాని."

"ఎన్నాళ్లని? అలిసిపోయానయ్యా. ఇక్కడే ఉండనీ."

బతిమాలాను, కోప్పడ్డాను. ఆయన కళ్లు మూసుకున్నారు. అక్క పెట్టిన కొర్రమీను పులుసు ముగ్గురిలో ఎవరికీ దిగలేదు.

వంతెన దాకా సాగనంపి అక్క అంది: "కబురొస్తే మాత్రం ఆలస్యం చెయ్యకురా."

రాత్రి రైల్లో కిటికీ పక్కన సీటు దొరికింది. ఆ లంకకు వెళ్లదలచినవారికి దారి సులువే. ఏలూరు నుంచి బస్సు, గట్టు మీద ఆటో, ఆ పైన కాస్త నడక. నడవగలిగినవాళ్లకు.