ఆరో చాప

"ఖాళీ చాపకి పాఠం చెప్పేవాళ్ళని ఎక్కడైనా చూశామా మేడం?"

"ఖాళీ ఎక్కడండీ? ముందు మీరు దాని మీంచి దిగండి. ఆవిడ మోకాలు తొక్కేస్తున్నారు."

మా వ్యాయామశాల యజమాని గాభరాగా రెండడుగులు వెనక్కి వేశాడు. వేశాక గుర్తొచ్చింది, అక్కడ ఎవరూ లేరని. దాంతో కోపం రెట్టింపయింది. తలుపు బయట నిలబడి వింటున్న నాకు నవ్వు రావాలి. రాలేదు. ఆయన కాలు తీయగానే ఆ చాప వైపు నుంచి ఎవరో హాయిగా నిట్టూర్చినట్టు వినిపించింది.

ఊపిరి మేడంకున్న పిచ్చి అదొక్కటే. రానివాళ్ళకి కూడా పాఠం చెబుతుంది. ఆ పేరు నేను పెట్టిందే. గంటలో నాలుగు వందల సార్లు "పీల్చండి, వదలండి" అనే మనిషికి ఇంకేం పేరు పెడతాం? అరవై దాటినవాళ్ళకి పిలాటిస్ అనే నెమ్మది వ్యాయామం నేర్పుతుంది. అందరి భుజాలూ దించమంటుంది గానీ, తన ఎడమ భుజం మాత్రం ఎప్పుడూ చెవితో రహస్యం చెబుతున్నట్టు పైకి లేచి ఉంటుంది.

నేను కాలేజీ మధ్యలో వదిలేసి గెంతుల క్లాసు చెప్పుకుంటున్నవాణ్ణి. ఎదురు వీధిలో కొత్త వ్యాయామశాలవాళ్ళు గోడంత తెర పెట్టి, డప్పుల మోతతో జనాన్ని గెంతిస్తున్నారు. అది చూసి మా యజమానికి నిద్ర పట్టడం మానేసింది. "ఈ రోజుల్లో నెమ్మది ఎవడిక్కావాలి? నెలాఖరు శనివారం వచ్చి తలలు లెక్కపెడతా. ఆరుగురుంటే సరే. లేకపోతే పదిగంటల హాలు ఈ కుర్రాడికి" అన్నాడు. మేడం దగ్గర ఉన్నది ఐదుగురు. హాలు పోతే దక్కేది నాకే కాబట్టి నేనేమీ ధర్మరాజుని కాదు. రోజూ కిటికీలోంచి ఆ ఐదు తలలూ లెక్కపెట్టుకునేవాణ్ణి.

ఆరో చాప మూల అద్దం పక్కన పరిచి ఉండేది. దాని మీద చుట్టిన తువ్వాలు. మేడం దాని ముందు గొంతుక్కూర్చుని, "ఏడో లెక్కకి మెడ బిగిస్తారు, నాకు తెలుసు. వదిలెయ్యండి. ఆఁ, ఇప్పుడు బాగుంది" అనేది. అద్దంలో చూస్తే ఆమె ఒక్కతే కనిపించేది. మిగతావాళ్ళూ తక్కువ తినలేదు. ఒకసారి నేను లోపలికెళ్ళి ఆ మూల నిలబడితే, పక్క చాప మీది రిటైర్డ్ గుమాస్తా తాత నాతో, "అటు జరుగు బాబూ, అక్కయ్య కాలు చాపుకోవాలి" అన్నాడు. జరిగాను. ఏ అక్కయ్య అని అడిగే ధైర్యం లేకపోయింది.

ఒకరోజు మేడం రావడం ఆలస్యమైతే క్లాసు నేను మొదలుపెట్టాను. తాతగారిని వెల్లకిలా పడుకోబెట్టి, "తల లేపండి, నడుం చుట్టచుట్టుకుంటూ పైకి రండి" అన్నాను. తల అంగుళం లేచిందో లేదో, గుమ్మంలోంచి, "ఆపు!" అని కేక.

"ఆయన వెన్నెముక గుల్లబారింది నాన్నా. ముందుకి వంచితే విరుగుతుంది. తల తువ్వాలు మీదే ఉంచి పిరుదులు లేపించు. అది చాలు."

"ఇంత చిన్న కదలికేనా మేడం?"

"నేలకి దిగి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేవడం ఉంది చూశావా, నా క్లాసులో సగం అదే. నువ్వు గెంతినంత కష్టం అది వాళ్ళకి."

మేడం క్లాసు సగం చెప్పాక అందరూ నీళ్ళకి బయటికెళ్ళారు. నేనొక్కణ్ణే మిగిలాను. మూల చాప దగ్గరకి వెళ్ళి వంగాను. ఊపిరి వినిపించింది. నేను ఊపిరి బిగబట్టాను. అదీ ఆగింది. నేను వదిలాను. అదీ వదిలింది. ఆ తర్వాత నేను హాలు దాటిన వేగం నా విద్యార్థులెవరూ ఇంతవరకు అందుకోలేదు.

శనివారం యజమాని పుస్తకం పట్టుకుని వచ్చాడు. "ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఆరు ఏదీ మేడం?"

"ఇక్కడున్నానయ్యా. కళ్ళజోడు పెట్టుకో" అంది ఖాళీ చాప.

పుస్తకం ఒకవైపు, ఆయన ఒకవైపు. అంత ఎత్తు గెంతు నేను పాఠంలో కూడా చూపించలేదు. చివరికి తువ్వాలు విప్పింది నేనే, రెండు వేళ్ళతో. లోపల ఫోను.

అందులో మాట్లాడింది, తుంటి విరిగి అయిదు నెలలుగా ఇంట్లో మంచం మీదున్న పెద్దావిడ. వచ్చి చూసి అయ్యో పాపం అనే జనమంటే ఆవిడకి మంట. అందుకే ఊరెళ్ళానని చెప్పించింది. మేడం రోజూ పదింటికి ఫోను కలిపి చాప మీద పెట్టేది. పదిహేనేళ్ళుగా ఇదే క్లాసులో చూసిన ఒళ్ళు కదా, ఎప్పుడెక్కడ బిగుస్తుందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. డాక్టరు ఒప్పుకున్నంతవరకే చేయించేది. మిగతావాళ్ళకి సంగతి మొదటివారమే తెలుసు. తెలిసినట్టు ఒక్కరూ బయటపడలేదు.

"మరి ఆ రోజు నాతోపాటు ఊపిరి ఆపిందెవరండీ?" అని ఫోనుని అడిగాను.

"నేనే. గుర్రంలా ఊపిరి పీలుస్తావు, ఎవరో తెలియదూ? మంచంలో పడున్నదానికి ఆపాటి సరదా ఉండొద్దా?"

యజమాని కిందపడ్డ పుస్తకం తీసుకుని ఆరు అని రాసుకున్నాడు.

అందరూ వెళ్ళాక మేడం ఎడమ భుజం పట్టుకుని, గోడకానుకుని నన్ను పిలిచింది.

"దీనికి సోమవారం ఆపరేషన్. ఆరు వారాలు రాలేను. క్లాసు నువ్వు చెప్పు నాన్నా."

"నేనా! నెమ్మదిగా చెప్పడం నాకు రాదు మేడం."

"నేర్చుకుంటావు. మూల చాప మీద ఫోను మర్చిపోకు. దాని పక్కన ఏడో చాప కూడా పరుచు, అది నాకు, ఫోనులో నేనూ ఉంటా. ఏడో లెక్క దగ్గర, 'భుజం దించండి మేడం' అని గట్టిగా ఒక్క కేకెయ్యి. ఇన్నేళ్ళలో నాకు ఎవరూ చెప్పలేదు."