పంచదార ఇంజను

నా గుండెల మీద ఒక ఇంజను ఉందండి. పెద్దదేం కాదు, అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది, అంతే. కానీ ఏళ్ళ తరబడి మోస్తున్నాను. అమ్మకి చెప్పలేదు, చెల్లెలికి చెప్పలేదు. దేవుడి ముందు కూర్చున్నా ఆ సంగతి గుర్తొచ్చేసరికి గబగబా దణ్ణం పెట్టేసి లేచిపోయేదాన్ని. మీరెవరో నాకు తెలీదు. నేనెవరో మీకు చెప్పను. అందుకే మీకు చెప్పడం తేలిక.

మాది రాజమండ్రి. మావారు ఇరిగేషన్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. పగలంతా కాలవలకి గీతలు గీసి, ఇంటికొచ్చి చిన్న చిన్న కార్లు చేస్తారు. బొమ్మకార్లంటే ఆయనకి ఒళ్ళు మంట, మోడల్స్ అనాలి. అసలు కారుని కొలిచి, లెక్క ప్రకారం తగ్గించి, తలుపు లాగితే తెరుచుకునేలా, స్టీరింగు తిప్పితే చక్రాలు తిరిగేలా చేస్తారు. మా ఇంట్లో భోజనాల బల్ల ఉంది. దానిమీద ఎప్పుడైనా భోంచేశామా అంటే నాకైతే గుర్తులేదు.

ఆయన ప్రాణస్నేహితుడు సత్తిబాబు అన్నయ్యగారు. ధవళేశ్వరం రోడ్డులో ఆయనకి ఫైబర్ షెడ్డుంది. పడవలు, నీళ్ళ ట్యాంకులు చేస్తారు. వాళ్ళ నాన్నగారు జీవితమంతా స్టేషను దగ్గర అంబాసిడర్ టాక్సీ నడిపిన మనిషి. చూపు తగ్గి కారు అమ్మేశాక అరుగు మీద కూర్చుని, వీధిలో వెళ్ళే ప్రతి కారునీ చప్పుడు బట్టి పోల్చుకుంటూ ఉండేవారు. పెద్దాయనకి డెబ్బై నిండి భీమరథ శాంతి చేస్తుంటే స్నేహితులిద్దరూ ఒక ఆలోచన చేశారు. ఆ అంబాసిడర్‌నే మూరెడు పొడుగున చేసి ఆయన ఒళ్ళో పెట్టాలని. అన్నింటికన్నా ముఖ్యం ఇంజను. ఎందుకంటే పెద్దాయన బోనెట్ ఎత్తి చూడకుండా ఏ కారునీ వదిలేవారు కాదు.

మావారు టేకుముక్క మీద ఇంజను చెక్కారు. ప్లగ్గులు, వాటి వైర్లు, ముందు ఫ్యాను, అన్నీ. దానిచుట్టూ సిలికాన్ రబ్బరు పోసి రెండు ముక్కల అచ్చు తీశారు. ఆ అచ్చులో రెజిన్ పోస్తారన్నమాట. షెడ్డులో పడవలకి పూస్తారే, ఆ చిక్కటి ద్రవం. హార్డెనర్ కలిపి పోస్తే రాయిలా గట్టిపడుతుంది.

ఆ అచ్చు చూసి నాకు నవ్వొచ్చింది. మా పుట్టింట్లో పంచదార చిలకలు పోసేవారు. పెళ్ళి సారెల్లో, శ్రీమంతాల్లో పంచుతామే, అవి. రెండు చెక్కలు కలిపి దారంతో కట్టడం, పాకం పోయడం, చల్లారాక విప్పడం. "ఇది మా చిలకల పనే కదండీ" అన్నాను. ఆయన తల కూడా ఎత్తలేదు. "నీది వంట. ఇది ఇంజనీరింగ్" అన్నారు.

సరే. గుర్తుపెట్టుకున్నాను.

శాంతికి ముందురోజు, ఆయన అచ్చు కట్టి సిద్ధంగా పెట్టి, సాయంత్రం వచ్చి పోస్తానని ఆఫీసుకెళ్ళారు. అన్నయ్యగారు తెచ్చిన రెజిన్ డబ్బా పక్కనే ఉంది, సరిగ్గా ఒక్క ఇంజనుకి సరిపడా. ఆ మధ్యాహ్నం నేను మా చెల్లెలి శ్రీమంతానికి చిలకలు పోస్తున్నాను. అచ్చులన్నీ నిండాయి, గిన్నె అడుగున పాకం మిగిలింది. పాకం మనకోసం ఆగదు కదండీ. చుట్టూ చూశాను. బల్లమీద ఆయన అచ్చు.

పోసేశాను.

ఏం వచ్చిందనుకున్నారు? ప్లగ్గు వైర్లతో సహా వచ్చింది. ఫ్యాను రెక్కలు ఒక్కటి కూడా విరగలేదు. తెల్లగా మెరిసిపోతూ నా అరచేతిలో ఇంజను. అంత గర్వం నాకు పిల్లలు ఫస్టుక్లాసులో పాసైనప్పుడు కూడా కలగలేదు. ఆయన రాగానే చూపించి "ఇదేంటండీ, వంటా?" అని అడుగుదామనుకున్నాను. కాసేపటికి భయమేసింది, చెప్పకుండా ముట్టుకున్నందుకు కేకలేస్తారని. అందుకని తినేశాను. ఫ్యాను దగ్గర మొదలుపెట్టాను.

తప్పు అక్కడ జరగలేదు. ఆ తర్వాత జరిగింది. చిలకల చెక్కలు ఎప్పుడూ నీళ్ళలో నానాలి. తడి లేకపోతే పాకం అంటుకుపోతుంది, ఎండబెడితే చెక్క పగులుతుంది. చిన్నప్పట్నుంచీ చేతికి అదే అలవాటు. ఆ అలవాటు కొద్దీ ఆయన రబ్బరచ్చుని కూడా చెక్కలతోపాటు బేసిన్లో పడేశాను. ఆయన వచ్చే వేళకి తీసి, విదిలించి, ముందున్నట్టే కట్టి పెట్టేశాను. లోపల వైర్ల సందుల్లో నీళ్ళు నిలిచి ఉంటాయని, రెజిన్‌కి తడి పడదని నాకెలా తెలుస్తుంది? తెలీదు. ఆ సాయంత్రానికి నిజంగా తెలీదు.

పొద్దున్న విప్పితే ఇంజను బుడగలు బుడగలు. ముట్టుకుంటే వేళ్ళకి జిగురు. ఆ బుడగలు చూశాక నాకు తెలిసింది, నా నీళ్ళే పాడుచేశాయని. మళ్ళీ పోయడానికి రెజిన్ లేదు, టైమూ లేదు. కారు అలాగే పట్టుకెళ్ళారు.

శాంతి అయ్యింది. బంధువులందరి మధ్యా కారు పెద్దాయన ఒళ్ళో పెట్టారు. ఆయన దాన్ని తడిమి తడిమి, కళ్ళు తుడుచుకుని, వేలితో బోనెట్ ఎత్తారు. వేలు లోపలికి పోయింది.

"ఇంజను ఏదిరా?"

అందరూ ఘొల్లున నవ్వారు. సత్తిబాబు అన్నయ్యగారి మొహం మాడిపోయింది. మావారు ఉక్రోషం పట్టలేకపోయారు.

"నేను చేశానండి బాబాయ్‌గారూ. మీవాడు పాత సరుకు తెచ్చాడు, గట్టిపడలేదు."

"పాత సరుకేంట్రా? మా షెడ్డు డ్రమ్ములోదే, మొన్న పడవకీ అదే పూశాం. గోదాట్లో తిరుగుతోంది, వెళ్ళి చూసుకో."

"అయితే నా చేతిదా తప్పు?"

"నీ చేతిది కాకపోతే ఇంకెవరిదిరా?"

నేను అక్కడే ఉన్నాను. నా చేతుల్లో కాఫీ గ్లాసుల పళ్ళెం ఉంది. నోరు తెరిస్తే చాలు, నలుగురూ ఇంకో నవ్వు నవ్వి ఊరుకునేవారు. నేను కాఫీలు అందించుకుంటూ వెళ్ళిపోయాను.

వాళ్ళిద్దరికీ ఆ రోజుతో మాటల్లేవు. సత్తిబాబు అన్నయ్యగారి భార్య, వదినగారితో నాకు రాకపోకలు మామూలే. మగాళ్ళిద్దరూ మాత్రం బజార్లో ఎదురైతే ఒకరు మందుల షాపు వైపు, ఒకరు అరటిపళ్ళ బండి వైపు తిరిగిపోతారు. మావారు ఆ తర్వాత జీపు చేశారు, బస్సు చేశారు. ఒక్కదానికీ ఇంజను లేదు. బోనెట్లు గమ్ముతో అంటించేస్తారు. వాటి దుమ్ము దులిపేది నేనే.

ఎందుకు చెప్పలేదు? కేకలేస్తారనే భయమా? మొదటి వారం అదే. తర్వాత? ఇక్కడే అసలు సంగతి ఉందండి. అంతకుముందు ప్రతి ఆదివారం ఆయన పొద్దున్నే షెడ్డుకి పోతే చీకటిపడ్డాక వచ్చేవారు. గొడవయ్యాక ఆదివారాలు ఇంట్లో ఉండటం మొదలుపెట్టారు. నాతోపాటు బజారుకి వచ్చేవారు. పుష్కరాల రేవు మెట్ల మీద కూర్చుని ఇద్దరం మరమరాలు తినేవాళ్ళం. నాకు అది నచ్చింది. ఒక మనిషికి స్నేహితుణ్ణి లేకుండా చేసి, ఆ ఖాళీలో నేను హాయిగా కూర్చున్నాను. మరమరాల్లో నిమ్మకాయ తక్కువైందని పేచీ కూడా పెట్టాను. సిగ్గు లేదూ నాకు?

మొన్న వదినగారు వచ్చారు. పెద్దాయనకి ఎనభై దాటాయి, సహస్ర చంద్ర దర్శనం చేస్తున్నారట, చిలకలు నేనే పోసివ్వాలట. "మీవారిని రమ్మనడానికి మావారికి మొహం చెల్లట్లేదు" అని గుమ్మంలో నిలబడి చెప్పారు. మావారు లోపల విన్నారు. అప్పటికే అతికించిన బోనెట్‌కే మళ్ళీ గమ్ము రాశారు.

ఇవాళ చిలకలు పోశాను. గిన్నె అడుగున పాకం కావాలనే మిగిల్చాను. అటకమీంచి ఆ రబ్బరచ్చు దింపి, కడిగి, ఈసారి శుభ్రంగా తుడిచి, పోశాను. సాయంత్రం కాఫీతోపాటు ఇంజను ఆయన ముందు పెట్టాను.

ఆయన దాన్ని వెలుతురుకి పట్టి చూశారు. ప్లగ్గు వైర్ల వెంబడి గోరు పోనిచ్చారు. "అప్పుడు కూడా ఇలాగే పోశాను. అచ్చు నీళ్ళలో నానబెట్టింది నేనే" అన్నాను. అంతే అన్నాను. ఆదివారాల మాట ఆయనకి చెప్పలేదు. అది మీకొక్కరికే.

ఆయన మొహం ఎలా ఉందో నేను చూడలేదు. గిన్నె కేసి చూస్తూ నిలబడ్డాను. పేపరు చింపిన చప్పుడైంది. ఇంజను పొట్లం కట్టి, జేబులో పెట్టుకుని, చెప్పులేసుకుని స్కూటరు స్టార్ట్ చేశారు. ధవళేశ్వరం వైపే తిరిగింది. కోపంగా వెళ్ళారో, ఇంకెలా వెళ్ళారో, నాకు తెలీదు. పెద్దాయనకి షుగరు, తినకూడదని చెప్పడం మర్చిపోయాను. తడిమి చూడొచ్చు కదా, ఫర్వాలేదు.

కాఫీ చల్లారిపోయింది. వీధి దీపాలు వెలిగాయి. స్కూటరు చప్పుడు ఇంకా రాలేదు. వచ్చాక నన్ను ఏమంటారో, అసలు మాట్లాడతారో లేదో.

ఇవాళ ఆదివారం. ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. హాయిగా ఉంది.